ఒక పేజీ నీటి రిపోర్టు, ఏడు రోజుల గడువు: 100 క్యూబిక్ మీటర్ల ఆర్వో ప్రపోజల్ ఎక్కడ మొదలుపెట్టాలి?

#1 నీటిలెక్క

అందరికీ నమస్కారం. గంటకు 100 క్యూబిక్ మీటర్ల ఆర్వో నీళ్లు కావాలని ఎంక్వైరీ వచ్చింది. టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల మొత్తం) 50 దాటకూడదు, రికవరీ (లోపలికి పంపిన నీటిలో శుద్ధమై వచ్చే వాటా) 75 శాతం ఉండాలి. టెక్నికల్, కమర్షియల్ రెండూ ఏడు రోజుల్లో పంపాలి. వాళ్లిచ్చింది ఒక్క పేజీ రిపోర్టు:

కాల్షియం 80, మెగ్నీషియం 36, సోడియం 230, పొటాషియం 8, బైకార్బొనేట్ 366, సల్ఫేట్ 144, క్లోరైడ్ 248, నైట్రేట్ 31, సిలికా 30. అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో. పీహెచ్ 7.6, టర్బిడిటీ (మసకతనం) 1.2 ఎన్‌టీయూ, టీడీఎస్ 990.

ప్రొజెక్షన్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూశాను. 16:8 అమరిక (మొదటి దశలో 16 వెసెల్స్, రెండో దశలో 8; వెసెల్ అంటే మెంబ్రేన్లు వరసగా పెట్టే గొట్టం), వెసెల్‌కు 6 మెంబ్రేన్లు. ఎర్ర వార్నింగులేవీ రాలేదు. పంపులకూ వెసెల్స్‌కూ ఎంక్వైరీలు పంపేయొచ్చా? ఇంకో సందేహం: పైన ఉన్నవన్నీ కూడితే 1173 వస్తోంది, రిపోర్టులో టీడీఎస్ 990 ఉంది. ల్యాబ్ వాళ్లు తప్పు రాశారా?

#2 మిలీఈక్వివలెంట్

అప్పుడే పంపకండి. రిపోర్టును నమ్మొచ్చో లేదో ముందు తేలాలి. పది నిమిషాల పని.

నీటిలో ధన, ఋణ ఆవేశాలు సమానంగా ఉండాలి కాబట్టి ఒక్కో అయాన్‌ను దాని తుల్యాంక భారంతో (అయాన్ భారం ÷ ఆవేశం) భాగించండి. కాల్షియం 80 ÷ 20.04 అంటే 3.99. మెగ్నీషియం 36 ÷ 12.15 అంటే 2.96. సోడియం 10.0, పొటాషియం 0.2. ధన అయాన్లు మొత్తం 17.15. ఇటువైపు బైకార్బొనేట్ 366 ÷ 61.02 అంటే 6.0, సల్ఫేట్ 3.0, క్లోరైడ్ 7.0, నైట్రేట్ 0.5. మొత్తం 16.5. తేడా 0.65, రెండింటి కూడికలో 1.9 శాతం. 5 శాతం లోపుంది కాబట్టి రిపోర్టు పనికొస్తుంది.

ఈ లెక్కతో ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. కాల్షియం, మెగ్నీషియం అయాన్లుగా రాశారా, కాల్షియం కార్బొనేట్ లెక్కన రాశారా అన్నది చాలా రిపోర్టుల్లో ఉండదు. మీ 80, 36 కార్బొనేట్ లెక్కన అయి ఉంటే అవి 1.6, 0.72 అయ్యేవి, తేడా దాదాపు 14 శాతానికి పోయేది. పోలేదు కాబట్టి ఇవి అయాన్లే. దీన్ని పొరపాటుగా తీసుకుంటే కాల్షియం రెండున్నర రెట్లు, మెగ్నీషియం నాలుగు రెట్లు తప్పుతాయి. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా ఒకటే.

తేడా అచ్చంగా సున్నా వస్తే మాత్రం అనుమానించండి. సోడియం కొలవకుండా, మిగిలిన తేడానంతా సోడియం అని రాసేసే ల్యాబులున్నాయి. అలాంటి రిపోర్టు ఎప్పుడూ బ్యాలెన్స్ అవుతుంది, అందుకే దాన్ని ఈ పరీక్షతో పట్టుకోలేం.

టీడీఎస్ విషయంలో ల్యాబ్ తప్పు లేదు. నీటిని ఆవిరి చేసి, 180 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచినప్పుడు బైకార్బొనేట్ కార్బొనేట్‌గా మారిపోతుంది. మిగతాది కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరిగా ఎగిరిపోతుంది. బరువులో సగం పైచిలుకు పోతుంది. 366లో 186 పోయిందనుకుంటే 1173 − 186 = 987. మీ 990 అదే. ప్రొజెక్షన్‌లో అయాన్లే పెట్టండి, 990కి సరిపెట్టాలని సోడియం తగ్గించకండి.

#3 పంపుకర్వ్

సాఫ్ట్‌వేర్‌లో ఉష్ణోగ్రత ఎంత పెట్టారు? మెంబ్రేన్ వయసు?

#4 నీటిలెక్క

రెండూ ముట్టుకోలేదండీ. 25 డిగ్రీలు, సున్నా సంవత్సరాలు అని ఉంది. రిపోర్టులో ఉష్ణోగ్రత లేదు.

#5 పంపుకర్వ్

అనుకున్నాను.

అమరికతో నాకు పేచీ లేదు. 24 వెసెల్స్, 144 మెంబ్రేన్లు, ఒక్కోటి 37.2 చదరపు మీటర్లు (400 చదరపు అడుగుల రకం), మొత్తం 5357. లక్ష లీటర్లను దాంతో భాగిస్తే చదరపు మీటరుకు గంటకు 18.7 లీటర్ల ఫ్లక్స్. భద్రమైన అంకె. ఫీడ్ (ఆర్వోలోకి వెళ్లే నీరు) గంటకు 133.3 క్యూబిక్ మీటర్లు, మొదటి దశలో వెసెల్‌కు 8.3. రిజెక్ట్ (వదిలేసే ఉప్పు నీరు) 33.3, చివరి దశలో వెసెల్‌కు 4.2. ఎనిమిదంగుళాల మెంబ్రేన్‌కు రిజెక్ట్ 3 నుంచి 3.6 కంటే తగ్గకూడదంటారు, మీది దాటింది.

గొడవంతా పంపు దగ్గర. నీరు చల్లబడే కొద్దీ మెంబ్రేన్ బిగుసుకుంటుంది. 25 కింద డిగ్రీకి సుమారు 3 శాతం నీళ్లు తగ్గుతాయి. 15 డిగ్రీల దగ్గర అదే మెంబ్రేన్, అదే ఒత్తిడితో 70 శాతమే ఇస్తుంది. మూడేళ్లకు ఫౌలింగ్ (మెంబ్రేన్ మీద మురికి పేరుకోవడం) వల్ల ఇంకో 20 శాతం పోతుందని లెక్క వేస్తాం. మీ ప్లాంట్‌కు చేతిలెక్క ఇలా ఉంటుంది:

25 డిగ్రీలు, కొత్త మెంబ్రేన్: నికర ఒత్తిడి 5.7 బార్. దానికి ఆస్మాటిక్ ఒత్తిడి సగటు 1.9, లోపలి ప్రెషర్ డ్రాప్‌లో సగం 1.5, పర్మియేట్ (శుద్ధమైన నీరు) వైపు 0.5 కలిపితే ఫీడ్ ఒత్తిడి 9.6 బార్.

15 డిగ్రీలు, మూడేళ్ల మెంబ్రేన్: నికర ఒత్తిడి 5.7 ÷ 0.8 ÷ 0.7, అంటే 10.2. మిగతావి కలిపితే సుమారు 14 బార్.

పంపు చూషణ దగ్గర 1.5 బార్ ఉందనుకుంటే పంపు పెంచాల్సింది మొదటి సందర్భంలో 8.1, రెండో దాంట్లో 12.5. షాఫ్ట్ పవర్‌కు సూత్రం తెలిసిందే: ప్రవాహం × హెడ్ ÷ (367 × ఎఫిషియెన్సీ). పంపు ఎఫిషియెన్సీ 0.75 వేస్తే 40 కిలోవాట్లు ఒకచోట, 61.7 కిలోవాట్లు ఇంకోచోట. పది శాతం చేర్చి పై సైజుకు వెళ్తే 75 కిలోవాట్ల మోటారు. మీరు 25 డిగ్రీల లెక్కతో కోటేషన్ అడిగితే వాళ్లు 45 కిలోవాట్ల మోటారు ఇస్తారు. చలికాలంలో ప్లాంట్ 100 ఇవ్వదు.

పవర్ గ్యారంటీ కూడా ఇక్కడే దెబ్బతింటుంది. మోటారు, వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) నష్టాలు కలిపితే క్యూబిక్ మీటరుకు 0.43 యూనిట్లు ఒక లెక్క, 0.67 ఇంకో లెక్క. రెండూ నిజమే. ఏ ఉష్ణోగ్రతకు, ఏ వయసుకు అన్నది గ్యారంటీ పక్కనే రాయకపోతే ఎవరికి అనువైనది వాళ్లు చదువుకుంటారు.

నీటి నాణ్యత దీనికి తిరగబడి ఉంటుంది. వేడెక్కితే ఉప్పు ఎక్కువగా దాటుతుంది. కాబట్టి టీడీఎస్ 50 గ్యారంటీని గరిష్ఠ ఉష్ణోగ్రత దగ్గర, మూడేళ్ల మెంబ్రేన్‌తో చూడాలి. రెండు ప్రొజెక్షన్లూ ఆఫర్‌కు జత చేయండి.

#6 ఇసుకపొర

నీరు ఎక్కడిదో ఎవరూ అడగలేదేం? రిపోర్టులో లేదు. బైకార్బొనేట్, నైట్రేట్, సిలికా, తక్కువ టర్బిడిటీ చూస్తే బోరు నీరులా ఉంది. అలా ఉంది కదా అని అలాగే రాసేయకండి, అడిగి రాయించుకోండి. బోరు నీరయితే ఇసుక ఫిల్టరు, కార్ట్రిడ్జ్ సరిపోవచ్చు. చెరువుదో నదిదో అయితే వానాకాలపు టర్బిడిటీకి క్లారిఫయర్, యూఎఫ్ (అల్ట్రాఫిల్ట్రేషన్) దాకా పోవాలి. ధర ఎక్కడి నుంచి ఎక్కడికో వెళ్తుంది.

బోరు నీరైతే ఇనుము, మాంగనీసు అడగాలి. మీ రిపోర్టులో ఆ వరసే లేదు. శాంపిల్ తీసిన చోటే ఆమ్లం కలపకపోతే ఇనుము గాలి తగిలి సీసా అడుగుకు దిగిపోతుంది, ల్యాబ్ పైనీటిని పరీక్షించి 0.02 అని రాస్తుంది. ఆర్వో ఫీడ్‌లో 0.05 దాటకుండా చూడాలి. ఎస్‌డీఐ (నీరు మెంబ్రేన్‌ను ఎంత త్వరగా మూసేస్తుందో చెప్పే సూచిక) కూడా అంతే, శాంపిల్ మోసుకెళ్లి ల్యాబ్‌లో చేస్తే అర్థం లేదు, లైను మీదే కొలవాలి. మెంబ్రేన్ వారంటీకి 5 లోపు అడుగుతారు, డిజైన్ మాత్రం 3 లోపు వచ్చేలా చేయాలి.

ఇక ఫిల్టర్లు. ఆర్వోకు 133.3 కావాలంటే ముడి నీరు 133.3 అని బ్యాలెన్స్‌లో వేసే అలవాటు ఒకటుంది. బ్యాక్‌వాష్‌కు (నీటిని వెనక్కి పంపి ఫిల్టరును కడగడానికి) నీళ్లు ఎవరిస్తారు? 3 మీటర్ల వ్యాసం ఫిల్టరు వైశాల్యం 7.07 చదరపు మీటర్లు. ఎయిర్ స్కౌర్ (గాలి ఊది ఇసుకను కదిలించడం) ఉంటే బ్యాక్‌వాష్ వేగం గంటకు 25 మీటర్లు, అంటే ప్రవాహం 177. పది నిమిషాలకు 29.5 క్యూబిక్ మీటర్లు, రిన్స్‌కు ఇంకో 4. మూడు ఫిల్టర్లు రోజుకోసారి అంటే సుమారు 100. రోజుకు 3200 ఆర్వో ఫీడ్‌కు ఇది కలిపి 24 గంటలకు భాగిస్తే ముడి నీరు 137.5.

రెండు ఫిల్టర్లు చాలు కదా, వేగం 9.7 వస్తోంది కదా అని కమర్షియల్ వాళ్లు అంటారు. ఒకటి బ్యాక్‌వాష్‌లో ఉన్నప్పుడు రెండోదాని మీద వేగం 19.4. మురికి ఇసుకను దాటి కార్ట్రిడ్జ్ మీద పడుతుంది. మూడు పెడితే మామూలప్పుడు 6.5, ఒకటి ఆగితే 9.7. మూడే పెట్టండి, ఎందుకు పెట్టారో ఆఫర్‌లో ఒక వాక్యం రాయండి. లేకపోతే పోల్చి చూసేవాళ్లకు మీది అనవసరపు ఖర్చులా కనిపిస్తుంది.

ఎయిర్ బ్లోయర్ తీసేసి ధర తగ్గిద్దామనుకుంటే బ్యాక్‌వాష్ వేగం 35కు పోవాలి, ప్రవాహం 247 అవుతుంది. క్లయింట్ డ్రెయిన్ కాలువ రిజెక్ట్ 33 కోసం కట్టి ఉంటుంది. ఒక్కసారిగా 247 వదిలితే ఫ్లోర్ మీద చెరువే.

#7 బురదబాబాయ్

ఆర్వో వాళ్ల మధ్యలో దూరుతున్నాను, మన్నించాలి. మురుగునీటి ప్లాంట్ ప్రపోజల్స్‌లోనూ ఇదే రోగం. రిపోర్టులో సీవోడీ, బీవోడీ (సేంద్రియ మలినాల కొలతలు), టీఎస్ఎస్ (కరగని ఘనపదార్థాలు) ఉంటాయి, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) ఉండదు. అమ్మోనియా నైట్రోజన్ 40 నుంచి దాదాపు సున్నాకు తేవాలని స్పెక్. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను నైట్రేట్ చేయాలంటే 7.14 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ (కాల్షియం కార్బొనేట్ లెక్కన) ఖర్చవుతుంది, అంటే 40కి 286. నీటిలో 200 మాత్రమే ఉంటే పీహెచ్ పడిపోయి నైట్రిఫికేషన్ మధ్యలో ఆగుతుంది. డీనైట్రిఫికేషన్ పెడితే అందులో గరిష్ఠంగా సగం తిరిగి వస్తుంది. లేదంటే ఆల్కలీ డోసింగ్ పెట్టాలి. ఆ ట్యాంకూ, పంపులూ, రోజువారీ రసాయనం ఖర్చూ మీ ఆఫర్‌లో లేకపోతే కమిషనింగ్‌లో మీ జేబు నుంచే పోతాయి.

బ్లోయర్ల దగ్గర ఆల్ఫా (శుభ్రమైన నీటితో పోలిస్తే మురుగునీటిలో ఆక్సిజన్ ఎంత వేగంగా కరుగుతుందో చెప్పే గుణకం) మర్చిపోవడం రెండోది. డిఫ్యూజర్ కంపెనీ క్యాటలాగ్ అంకె శుభ్రమైన నీటికి. ఫైన్ బబుల్‌కు మురుగునీటిలో 0.5, 0.6 వేసుకోవాలి. వేయకపోతే గాలి సగానికి సగం తక్కువ పడుతుంది. సరే, మీ ఆర్వో మీరు కానివ్వండి.

#8 బ్యాటరీలిమిట్

సాంకేతికం మీరంతా చూస్తున్నారు కదా, నేను గీత గురించి చెబుతాను. గీత అంటే మన పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందన్నది. "ఫీడ్ వాటర్ క్లయింట్ స్కోప్" అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. ఏ ఒత్తిడితో? ఏ ఎత్తులో? పైపు సైజెంత, ఫ్లాంజ్ ఏ ప్రమాణం? పంపుకర్వ్ గారు చూషణ దగ్గర 1.5 బార్ అన్నారు. ఫిల్టర్లలో, కార్ట్రిడ్జ్‌లో పోయేది కలిపితే మన గీత దగ్గర కనీసం 3, 3.5 బార్ రావాలి. క్లయింట్ ట్యాంకులో నీళ్లు ఉంచి "ఇదిగో ఫీడ్" అంటే ఫీడ్ పంపులు మన మీద పడతాయి. అది టేబుల్‌గా ఇవ్వండి: గీత పేరు, ద్రవం, ప్రవాహం, ఒత్తిడి, సైజు, ఎత్తు, ఎవరు ఎక్కడి దాకా.

గొడవలు ఎక్కువగా వచ్చేది పంపుల మీద కాదు, కేబుళ్ల మీద. ఎంసీసీ (మోటార్ల కంట్రోల్ ప్యానెల్) మనది, మోటారు మనది, మధ్య కేబుల్ ఎవరిది? కేబుల్ ట్రే ఎవరిది? ఫౌండేషన్ సివిల్ వాళ్లది, మరి యాంకర్ బోల్టులు, గ్రౌటింగ్? లారీ వచ్చాక దించేది ఎవరు, క్రేన్ ఎవరిది? కమిషనింగ్‌కు కరెంటు, నీళ్లు, మొదటి నింపుడు రసాయనాలు, పర్ఫార్మెన్స్ టెస్టుకు ల్యాబ్ ఖర్చు? ఇవన్నీ చిన్నవే, కలిపి చూస్తే లాభంలో పెద్ద ముక్క.

స్కోప్‌లో రాయనివన్నీ మినహాయింపే అనుకుంటాం. అవతలివాళ్లు టర్న్‌కీ అనే ఒక్క మాట పట్టుకుని ప్లాంట్ నడవడానికి కావలసినవన్నీ మీవే అంటారు. కాబట్టి మినహాయింపుల జాబితా విడిగా రాయాల్సిందే. ఫిడిక్ (కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య) సిల్వర్ బుక్ తరహా టర్న్‌కీ కాంట్రాక్టు అయితే మరీ జాగ్రత్త. అందులో క్లయింట్ ఇచ్చిన డేటా సరైనదో కాదో చూసుకునే భారం చాలావరకు కాంట్రాక్టర్ మీదే ఉంటుంది. మీ చేతిలో ఉన్నది ఒక్క పేజీ రిపోర్టు.

#9 నీటిలెక్క

డీవియేషన్లు ఎక్కువైతే రిజెక్ట్ చేస్తారని మా వాళ్లు అంటున్నారు. "మా లెక్క ఇది" అని అన్నిచోట్లా రాస్తూ పోతే అవి డీవియేషన్లుగా లెక్కేయరా?

#10 బ్యాటరీలిమిట్

రెండూ వేరు. క్లయింట్ ఏదైనా అడిగి, మీరు కాదంటే అది డీవియేషన్. క్లయింట్ చెప్పనిదానికి మీరు విలువ పెట్టుకుంటే అది డిజైన్ బేసిస్. ఉష్ణోగ్రత, నీటి మూలం, పని గంటలు ఇవన్నీ రెండో రకం. ప్రీబిడ్ ప్రశ్నగా గడువులోపు అడిగితే జవాబు టెండర్‌లో భాగమవుతుంది, అప్పుడిక అది బేసిస్ కూడా కాదు, వాళ్ల డేటాయే. అందుకే ప్రశ్నలు మొదటి రోజే పంపాలి. ఆరో రోజు పంపి లాభం లేదు.

నిజమైన డీవియేషన్లు మాత్రం పొదుపుగా వాడండి. పెయింట్ ఎన్ని మైక్రాన్లు అన్నదాని మీద, ఫైల్ ఫార్మాట్ మీద డీవియేషన్ పెట్టి, అసలైన గ్యారంటీ షరతును ముప్పయ్యో నంబరు దగ్గర దాచిపెట్టిన ఆఫర్లు కనిపిస్తుంటాయి. చదివేవాడికి విసుగొచ్చి "అన్నీ వెనక్కి తీసుకోండి" అంటాడు. అసలుది కూడా ఆ గాలికే కొట్టుకుపోతుంది.

#11 కాస్ట్‌షీట్

ధర సంగతి. ముందు చిన్న లెక్క, ఎందుకంటే పెద్ద పెద్ద షీట్లలోనూ ఇది తప్పుగా కనిపిస్తుంది. ఖర్చు 100, 20 శాతం మార్జిన్ కావాలన్నారు. 120 రాశారు. అందులో లాభం 20, అమ్మకపు ధరలో అది 16.7 శాతమే. 20 శాతం మార్జిన్ అంటే 100 ÷ 0.8, అంటే 125. కలపడం వేరు, భాగించడం వేరు. మీ యాజమాన్యం ఏ అర్థంలో అంటోందో కనుక్కోండి.

వెండర్ కోటేషన్ చెల్లుబాటు సాధారణంగా 30 రోజులు. మీ ఆఫర్‌ను 120 రోజులు పట్టి ఉంచమంటారు. మధ్యలో స్టీలు పెరిగితే, మారకపు రేటు మారితే ఆ భారం మీదే. పెద్ద ఐటమ్‌లకు (మెంబ్రేన్లు, హై ప్రెషర్ పంపు, వీఎఫ్‌డీ, పీఎల్‌సీ) చెల్లుబాటు పొడిగించి రాయించుకోండి, మిగతావాటికి షీట్‌లో విడి వరస పెట్టండి.

షీట్‌లో తరచూ ఎగిరిపోయేవి: రవాణా బీమా, బ్యాంకు గ్యారంటీ కమీషన్, ఇంజనీరింగ్ గంటలు, కమిషనింగ్ మనుషుల బస, పెర్ఫార్మెన్స్ టెస్ట్ ఆలస్యమైతే వాళ్లు అక్కడే ఉండే రోజులు. ఇంకోటి: పాత షీట్ కాపీ చేసి వాడితే దాచిన వరసలు ఉంటాయి, వాటి మొత్తం కూడికలో కలుస్తుంది. పంపేముందు అన్నీ తెరిచి చూడండి.

కంటింజెన్సీ (అనుకోని ఖర్చులకు పెట్టుకునే మొత్తం) ఒక్కచోటే, షీట్ చివర, పేరు పెట్టి ఉంచాలి. ప్రాసెస్ వాళ్లు ప్రవాహానికి 10 శాతం, మెకానికల్ వాళ్లు హెడ్‌కు 10 శాతం, మోటారుకు 15 శాతం కలుపుతారు. 1.1 × 1.1 × 1.15 అంటే 1.39. ఎవరికి వాళ్లు కొంచెమే కలిపామనుకుంటారు. ధర దగ్గర ఓడిపోయాక ఎక్కడ ఎక్కువైందో వెతికినా దొరకదు.

#12 పంపుకర్వ్

> కంటింజెన్సీ ఒక్కచోటే, షీట్ చివర

డబ్బుకు సంబంధించినదైతే సరే. సాంకేతిక మార్జిన్ మాత్రం చివర పెట్టలేం. మోటారుకు ఇచ్చే పది శాతం కంటింజెన్సీ కాదు, పంపు తన కర్వ్ చివరకు పరిగెత్తినప్పుడు కాలిపోకుండా కాపాడేది. అది తీసేస్తే ధర తగ్గుతుంది నిజమే, చేతులు కాలాక ఆకులు పట్టుకోవాల్సి వస్తుంది.

#13 కాస్ట్‌షీట్

తీసేయమనలేదు. ఎవరు ఎంత కలిపారో ఒక వరసలో రాయమన్నాను. మోటారుకు పది ఉంచండి. ప్రవాహానికి కలిపిన పది ఎందుకు? 100 నికరం అని స్పెక్ స్పష్టంగా ఉంటే దాని మీద మళ్లీ పది దేనికి?

#14 పంపుకర్వ్

అది ఒప్పుకుంటాను.

#15 మిలీఈక్వివలెంట్

ప్రొడక్ట్ పీహెచ్ ఎంత కావాలో స్పెక్‌లో లేదు, ప్రశ్నల్లో చేర్చండి. ఆర్వో బైకార్బొనేట్‌ను ఆపుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ను ఆపదు. పీహెచ్ 7.6, బైకార్బొనేట్ 366 ఉన్న నీటిలో అది లీటరుకు 15 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, మొత్తం దాటిపోతుంది. ప్రొడక్ట్ పీహెచ్ 6 చుట్టుపక్కలకు దిగుతుంది. 6.5 నుంచి 8.5 అడిగితే డీగ్యాసర్ (గాలి ఊది కార్బన్ డయాక్సైడ్‌ను తీసేసేది) గానీ కాస్టిక్ డోసింగ్ గానీ పెట్టాలి. ఆర్వో తర్వాత ఈడీఐ (మిగిలిన అయాన్లను కరెంటుతో తీసే యూనిట్) పెడతామంటే మరీ ముఖ్యం, ఆ కార్బన్ డయాక్సైడ్ భారమంతా దాని మీదే పడుతుంది.

సిలికా ఏ సీసాలో తీసుకెళ్లారో కూడా అడగండి. గాజు సీసా అయితే ఆ అంకెను నమ్మలేం, ప్లాస్టిక్ సీసా ఉండాలి. ఇంకా ఆ 30 రియాక్టివ్ (కరిగి ఉన్న) సిలికా మాత్రమేనా, మొత్తమా?

#16 నీటిలెక్క

అడిగినవాటికి జవాబులు వచ్చాయి. బోరు నీరే, నాలుగు బోర్లు. ఉష్ణోగ్రత 16 నుంచి 34. 100 నికరం, రోజుకు 20 గంటలు నడుస్తుంది. ఇనుము 0.03 (శాంపిల్ దగ్గరే ఆమ్లం కలిపారట). ప్రొడక్ట్ పీహెచ్ 6.5 నుంచి 8.5. సిలికా నాలుగు బోర్లలోనూ కొలిచి పంపారు: 28, 30, 37, 42, అన్నీ రియాక్టివ్. 42 పెట్టి చూస్తే సాఫ్ట్‌వేర్ ఎర్రబడింది.

#17 మిలీఈక్వివలెంట్

ఎర్రబడక ఏం చేస్తుంది. 75 శాతం రికవరీ అంటే రిజెక్ట్‌లో నాలుగు రెట్లు. 42 × 4 = 168. సిలికా 25 డిగ్రీల దగ్గర సుమారు 120 వరకే కరుగుతుంది, 16 దగ్గర ఇంకా తక్కువ. యాంటీస్కేలంట్ (మెంబ్రేన్ మీద పొర కట్టకుండా వేసే రసాయనం) కంపెనీలు అంతకంటే పైకి ఒప్పుకుంటాయి, కానీ మీ నీటికి, మీ కనిష్ఠ ఉష్ణోగ్రతకు అక్షరాలా రాసి ఇచ్చాకే లెక్కలోకి తీసుకోండి. కాల్షియం కార్బొనేట్ పొరను ఆమ్లంతో కడిగేయొచ్చు. సిలికా గడ్డకడితే మామూలు కడుగుడుకు లొంగదు, చివరి దశ మెంబ్రేన్లు మార్చడమే.

రికవరీ 65 చేస్తే 42 ÷ 0.35 = 120. ఇదీ అంచు మీదే ఉంది, యాంటీస్కేలంట్‌తో నిలబడుతుంది. నాలుగు బోర్లూ సమానంగా కలిపి వాడితే సగటు 34.25, 75 దగ్గర 137. కానీ నాలుగూ ఎప్పుడూ నడుస్తాయని ఎవరు హామీ ఇస్తారు? 42 బోరు ఒక్కటే నడిచే రోజు రాకుండా పోదు.

#18 పంపుకర్వ్

65 కైతే నా లెక్కలు మారతాయి. ఫీడ్ 153.8, రిజెక్ట్ 53.8. అమరిక 16:8 అలాగే ఉండనివ్వండి: మొదటి దశ వెసెల్‌కు 9.6, చివర 6.7, ఇంకా మంచిది. ఉష్ణోగ్రత 16 అన్నారు, నేను 15కు వేశాను, తేడా చిన్నది, అదే ఉంచండి. ఒత్తిడి అంతే అనుకుంటే షాఫ్ట్ పవర్ 71.2 కిలోవాట్లు. పది శాతంతో 78, కాబట్టి 75 చాలదు, 90 కిలోవాట్ల మోటారు. ప్రొడక్ట్ క్యూబిక్ మీటరుకు 0.77 యూనిట్లు.

#19 ఇసుకపొర

ముడి నీరు సుమారు 159. మూడు ఫిల్టర్లలో ఒకటి ఆగితే వేగం 11.2. టర్బిడిటీ 1.2 ఉన్న బోరు నీటికి ఇది నడుస్తుంది, నాలుగోది అక్కర్లేదు. బోర్లు 159 ఇవ్వగలవా అన్నది మాత్రం క్లయింట్ చెప్పాలి. రిజెక్ట్ 20.5 పెరిగింది, 20 గంటలకు 410 క్యూబిక్ మీటర్లు. దాన్ని ఎక్కడ వదులుతారు?

#20 బ్యాటరీలిమిట్

ఇక్కడ తొందరపడి 65 ఒక్కటే కోట్ చేస్తే "రికవరీ 75 పాటించలేదు" అని పక్కన పెట్టేస్తారు. 75 ఒక్కటే కోట్ చేస్తే రిస్క్ మీది. బేస్ ఆఫర్ 75కు ఇవ్వండి, షరతుతో: ఫీడ్ సిలికా 30 దాటకూడదు, బోర్లు కలిపి వాడే బాధ్యత క్లయింట్‌ది. పక్కనే 65 ప్రత్యామ్నాయం, ధర తేడా, పవర్ తేడా, రిజెక్ట్ తేడాలతో. సగటే 34 ఉంది కాబట్టి బేస్ ఆఫర్ షరతు నిలబడదని వాళ్లకే అర్థమవుతుంది. మీరు నోటితో చెప్పక్కర్లేదు.

#21 కాస్ట్‌షీట్

ఒప్పుకోను. నిలబడదని మీకే తెలిసిన షరతు మీద బేస్ ధర ఇవ్వడం ఏం పద్ధతి? కవరింగ్ లెటర్‌లో మొదటి పేరాలోనే సగటు 34.25 అని చూపించి, ప్రత్యామ్నాయమే మా సిఫారసు అని రాయండి. ఎవాల్యుయేషన్ చేసే మనిషి అనుబంధం నంబరు 7 దాకా చదువుతాడని నమ్మకం పెట్టుకోవద్దు.

#22 బ్యాటరీలిమిట్

కవరింగ్ లెటర్‌లో రాయడం నాకూ సమ్మతమే. బేస్ ఆఫర్ మాత్రం ఉండాలి, లేకపోతే పోలిక పట్టికలో మన గడే ఉండదు.

#23 నీటిలెక్క

లెటర్ ముసాయిదా ఇది, చూడండి:

"మీరు పంపిన నాలుగు బోర్ల ఫలితాల ప్రకారం సిలికా 28 నుంచి 42, సగటు 34.25. బేస్ ఆఫర్ 75 శాతం రికవరీకి, ఫీడ్ సిలికా 30 లోపు ఉంటేనే వర్తిస్తుంది. ప్రస్తుత ఫలితాలతో ఆ షరతు నెరవేరదు. అందుకే 65 శాతం రికవరీ ప్రత్యామ్నాయాన్ని సిఫారసు చేస్తున్నాం. దానికి ఫీడ్ సిలికా 42, నీటి ఉష్ణోగ్రత 16 నుంచి 34 డిగ్రీలు, ముడి నీరు గంటకు 159 క్యూబిక్ మీటర్లు, ఒత్తిడి మా ఫ్లాంజ్ దగ్గర 3.5 బార్. పవర్ గ్యారంటీ 0.77 యూనిట్లు హై ప్రెషర్ పంపుకు మాత్రమే, మూడో సంవత్సరం చివర, 16 డిగ్రీల దగ్గర."

#24 మిలీఈక్వివలెంట్

"ఫీడ్ సిలికా 42" కాదు, "ఫీడ్ సిలికా గరిష్ఠం 42, రియాక్టివ్, సిలికాగా" అని రాయండి. పీహెచ్ కోసం పెట్టిన డీగ్యాసర్ బ్లోయర్ లోడు పవర్ లెక్కలో లేదని కూడా ఒక ముక్క చేర్చండి. అది పెట్టారు కదా?

#25 నీటిలెక్క

పెట్టలేదు. ఇప్పుడే పీ అండ్ ఐడీ (పైపులు, పరికరాల డ్రాయింగ్)లో, లోడ్ లిస్టులో చేరుస్తున్నాను.